పుట తెగితే పాఠం తెగాలా?

“సాదా పాఠ్యం” అన్న పేరుతో మన మధ్య తిరుగుతున్న దస్త్రాలలో చాలామటుకు సాదావి కావు. కాగితం మీద అచ్చు వేయడానికి ముస్తాబైన పాఠ్యాన్ని కాగితం లేకుండా మన మీదికి వదిలిపెట్టినవి. తెరచి చూడండి. ఏ అరవై వరుసలో సాఫీగా చదువుకుంటూ పోతారు. ఇంతలో నాలుగైదు ఖాళీ వరుసలు. తరువాత రచయిత పేరు, రచన పేరు, ఒక అంకె. మళ్ళీ నాలుగైదు ఖాళీ వరుసలు. వాటి అవతల, ఇందాక సగంలో తెగిన వాక్యం తన క్రియాపదాన్ని పట్టుకుని దీనంగా నిలబడి ఉంటుంది. తెలుగు వాక్యానికి క్రియ చివర వస్తుంది కనుక మనకు ఈ బాధ మరీ ఎక్కువ. కర్త గట్టుకు ఈవల, క్రియ ఆవల, నడుమ పుటశీర్షిక అనే ఏరు.

ఈ ఏరు ఎక్కడిది? ఎవరు తవ్వారు? కంప్యూటరు తెరకు అరవైయారు వరుసలు ఉండవు, చరవాణికి అసలే ఉండవు. అరవైయారు అన్న సంఖ్య పదకొండు అంగుళాల అమెరికన్ కాగితానిది. అంగుళానికి ఆరు వరుసల చొప్పున టెలిటైపు యంత్రం కొట్టుకుంటూ పోతే పదకొండు ఆరులు అరవైయారు. ఆ యంత్రం పోయింది, ఆ కాగితమూ మన దేశంలో వాడేది కాదు. లెక్క మాత్రం మన నెత్తిన మిగిలింది.

చరిత్ర కొంచెం చెప్పుకోక తప్పదు, ఓపిక పట్టండి. 1964లో ఎం.ఐ.టి.లో జెరోమ్ సాల్ట్జర్ రనాఫ్ అనే ఉపకరణం రాశాడు. పాఠ్యం మధ్యలో చుక్కతో మొదలయ్యే వరుసలు పెడితే అవి ఆజ్ఞలు, మిగిలినదంతా పాఠ్యం. దాని సంతానమే రాఫ్, ఎన్‌రాఫ్, ట్రాఫ్. బెల్ ల్యాబ్స్‌లో జో ఒసానా ఎన్‌రాఫ్‌ను టెలిటైపు కోసమూ, ట్రాఫ్‌ను అక్షరాలు కూర్చే ఫోటోటైప్‌సెట్టరు కోసమూ రాశాడు. 1990లో జేమ్స్ క్లార్క్ వీటిని స్వేచ్ఛా సాఫ్టువేరుగా తిరగరాసి జీరాఫ్ పేరుతో విడుదల చేశాడు. ఇవాళ మన లినక్సు యంత్రాలలో ఉన్నది దాని కొనసాగింపే. అసలు యూనిక్సుకు తొలి వాడుకరులు ఎవరని అడిగితే ప్రోగ్రాములు రాసేవాళ్ళనుకుంటాం. బయటి వాళ్ళలో మొదటివారు 1971లో బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగపు టైపిస్టులు. పేటెంటు దరఖాస్తు కాగితం మీదే వెళ్ళాలి, పుటలో వరుసలకు అంకెలు కూడా ఉండాలి. అక్కడ పుట అన్నది అలంకారం కాదు, చట్టం. కాబట్టి ఆనాటివాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకు కాగితం కావాలి, కాగితానికి తగ్గట్టు కోశారు. కాగితం అక్కర్లేని చోట కూడా కోసిన ముక్కలనే పంచిపెట్టి, “ఇదిగో సాదా పాఠ్యం” అనే నేటివాళ్ళతోనే నా జగడం.

“దానికింత రాద్ధాంతమా? సెడ్‌తోనో పెర్ల్‌తోనో నాలుగు వరుసల స్క్రిప్టు రాసి శీర్షికలు ఏరిపారేస్తే పోలా?” అంటారు. ఈ మాట అనేవారే ఎక్కువ. అందులోనూ బాగా ప్రోగ్రాములు రాయగలవారే ఎక్కువ. పోదు. ఎందుకు పోదో నిదానంగా చెబుతాను.

పుటగా కోయడమంటే పాఠ్యానికి ఏదో చేర్చడం మాత్రమే అయితే, చేర్చినది తీసేస్తే సరిపోయేది. కానీ కోతలో చేర్పుతో పాటు చెరుపు కూడా ఉంది. ఒక పుట చివర పేరా ముగిసిందనుకుందాం. రెండు పేరాల నడుమ ఉండవలసిన ఖాళీ వరుస అక్కడ పుట అడుగున ఉన్న ఖాళీలలో కలిసిపోయింది. మరో పుట చివర పేరా ముగియలేదు, వాక్యం మాత్రం ముగిసింది. అక్కడా అడుగున అవే ఖాళీలు. ఈ రెండింటికీ తేడా ఏ స్క్రిప్టు చెప్పగలదు? పేరా మొదట కాస్త జరిపి రాసే పద్ధతి ఉంటే ఊహించవచ్చు. జరపకుండా ఖాళీ వరుసతోనే పేరా తెలియజేసే రచనలో ఊహకు కూడా ఆధారం లేదు. ఆ సమాచారం యంత్రం దగ్గర ఒకప్పుడు ఉండేది, పుట కోసిన క్షణంలో పోయింది.

పద్యాలున్న రచన తీసుకోండి, సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. సీసపద్యం కింద ఎత్తుగీతి ఉండాలి, తేటగీతో ఆటవెలదో. సీసం పాదాలు పుట అడుగున ముగిసి, గీతి తరువాతి పుట నెత్తిన మొదలైందనుకోండి. మీ స్క్రిప్టు మధ్యలోని ఖాళీలన్నిటినీ తీసేస్తుందా? అయితే ఇంకొక చోట నిజంగా వేరైన రెండు పద్యాలు ఒకటై అతుక్కుంటాయి. ఒక ఖాళీ ఉంచుతుందా? అయితే గీతి సీసం నుంచి తెగి అనాథ అవుతుంది. ఛందస్సు తెలిసిన మనిషి కూర్చుని ఒక్కొక్కటీ చూసుకోవలసిందే. “వరుస ఖాళీలన్నీ ఒకటిగా నొక్కెయ్యి” అనే క్యాట్ ఆజ్ఞ ఒకటుంది, దాన్ని సర్వరోగ నివారిణిలా వాడేవాళ్ళున్నారు. అది పుట ఖాళీని, రచయిత కావాలని విడిచిన ఖాళీని ఒకే రోకలితో దంచుతుంది.

ఇంతకన్నా ఘోరం మాట మధ్యలో తెగడం. ఇంగ్లీషులో వరుస చివర మాట విరిస్తే చిన్న గీత పెడతారు, ఆ గీతను చూసి అతకవచ్చు (అందులోనూ అసలు గీతేదో, విరుపు గీతేదో తెలియని చోట్లు ఉంటాయి, అది వేరే గొడవ). మన తెలుగు అచ్చులో గీత పెట్టకుండానే అక్షరం దగ్గర విరిచి కింది వరుసకు దించే అలవాటు చాలాకాలం నుంచి ఉంది. ఒక పుట చివరి మాట “కల”. తరువాతి పుట మొదటి మాట “వరం”. అతికితే కలవరం. అతకకపోతే కల వరం. ఏది రచయిత రాసినది? సందర్భాన్ని బట్టి మీరూ నేనూ చెప్పగలం. నాలుగు వరుసల స్క్రిప్టు చెప్పలేదు, నలభై వరుసలది కూడా చెప్పలేదు.

కనుక నా వాదం ఇది. పుటలను పుట్టించి ఆపైన చంపే పని మానండి. అసలు పుట్టనీయకండి. గుర్తులతో కూడిన మూలం మీ చేతిలో ఉంటే, ఆ మూలం నుంచి నేరుగా ఎడతెగని పాఠ్యం తీయడం కష్టమేమీ కాదు. మూలంలో పేరా ఎక్కడ మొదలైందో, మాట ఎక్కడ ముగిసిందో, శీర్షిక ఏదో, అధోజ్ఞాపిక ఏదో అన్నీ స్పష్టంగా రాసి ఉన్నాయి. అవి కళ్ళముందు పెట్టుకుని, వాటిని చెరిపేసిన నకలు తీసి, ఆ నకలు నుంచి మళ్ళీ వాటిని ఊహించబోవడం ఏ రకం తెలివి?

ఎన్‌రాఫ్ సంగతే చూడండి. పుట పొడవును నిర్ణయించే ఆజ్ఞ ఒకటి ఉంది, చుక్క పెట్టి పీ, ఎల్ అని రాస్తారు. ఏమీ చెప్పకపోతే అరవైయారు. మూలం మొదటి వరుసలో దాన్ని పదివేలు అని రాస్తే చాలు, మామూలు వ్యాసమంతా ఒకే పుట అవుతుంది. యంత్రానికి కోయవలసిన అవసరమే రాదు. నడుమ పుటశీర్షికలు లేవు, అడుగు అంకెలు లేవు. అధోజ్ఞాపికలు ప్రతి పుట కిందా కాకుండా పుట చివరికి, అంటే రచన చివరికి చేరతాయి. ఎంఎస్ మాక్రోలతో రాసిన రచనలో అవి వేల ఖాళీ వరుసల అవతల, పదివేలవ వరుస దగ్గర కూర్చుని మనకోసం ఎదురుచూస్తుంటాయి. పాపం, వాటిని పుట అడుగున ఉండమన్నారు, ఉన్నాయి. ఆ ఒక్క ఖాళీని చేత్తో తీసేయండి. ఒక్కచోటే ఉంది, ఎందుకు వచ్చిందో తెలుసు, దాని కింద ఏ సమాచారమూ సమాధి కాలేదు. వంద చోట్ల ఊహించడానికీ ఒకచోట తెలిసి తీయడానికీ ఉన్న తేడా ఇదే.

ఇది నేను కనిపెట్టిన కిటుకు కాదు. మీరు లినక్సులో మ్యాన్ అని కొట్టి ఏ ఆజ్ఞ వివరణ చదివినా, అది ఎడతెగకుండా కిందికి జారుతుందే తప్ప పుటపుటకూ ఆగదు. పాత యూనిక్సులలో అక్కడ కూడా ప్రతి అరవైయారు వరుసలకూ శీర్షిక వచ్చేది. జీరాఫ్‌లోని మ్యాన్ మాక్రోలలో సీఆర్ అనే చిన్న రిజిస్టరు ఉంది. తెర కోసం తీసేటప్పుడు అది వాటంతట అదే ఒకటిగా ఉంటుంది, అంటే “మొత్తం ఒకే పొడవాటి పుటగా ఇవ్వు” అని. కాగితపు పుటలు కావలసినవాడు దాన్ని సున్నా చేసుకోవాలి. న్యాయం ఎటుందో చూశారా? తెరకు ఎడతెగనిది సహజం, పుటలు కోరుకున్నవారికి.

పుటలతో ఆగకండి, వరుసల సంగతి కూడా చూసుకోండి. ఎన్‌రాఫ్ రెండు అంచులూ సమం చేయడానికి మాటల మధ్య అదనపు ఖాళీలు దూరుస్తుంది. కంటికి ముచ్చటగానే ఉంటుంది. రెండు మాటల పదబంధం కోసం ఆ దస్త్రంలో వెతకండి, దొరకదు, నడుమ రెండు ఖాళీలున్నాయి కనుక. సర్దుబాటు ఆపడానికి ఎన్ఏ, మాట విరుపు ఆపడానికి ఎన్‌హెచ్ అని రెండు ఆజ్ఞలున్నాయి. మూలం నెత్తిన ఆ రెండూ చేర్చండి. ఇక ముద్దక్షరాల కోసం ఒకే అక్షరాన్ని వెనక్కి జరిపి మళ్ళీ కొట్టే టెలిటైపు చేష్ట ఒకటుంది, జీరాఫ్ 1.18 నుంచి దాని స్థానంలో తెరకు రంగులు వేసే సంకేతాలు వచ్చాయి. రెండూ దస్త్రంలో చెత్తే. ఎన్‌రాఫ్‌కు మైనస్ సీ ఇచ్చి రంగు సంకేతాలు మాన్పించి, ఫలితాన్ని కోల్ అనే ఉపకరణానికి మైనస్ బీ తగిలించి వడగడితే పోతాయి.

ఇక్కడ ఒక వినోదం చెప్పాలి. అంతర్జాలానికి ధర్మశాస్త్రాల వంటివి ఆర్‌ఎఫ్‌సీలు. 1969 నుంచి వస్తున్నాయి. వాటిని ఎలా రాయాలో చెప్పే 2223వ ఆర్‌ఎఫ్‌సీని 1997లో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ వెలువరించారు. వరుసకు 72 అక్షరాలు, పుటకు 58 వరుసలు, ప్రతి పుట చివరా పుటమార్పు సంకేతం అని అందులో నియమం. ఎన్‌రాఫ్ ఆ పద్ధతిలో కచ్చితంగా పుటలు కోయడానికి మొరాయించింది. అప్పుడేం చేశారు? దాని చేత బలవంతంగా కోయించడానికి ఒక పెర్ల్ స్క్రిప్టు రాసి ఆ నియమావళికే అనుబంధంగా చేర్చారు! అంటే రాసేవాడు ఒక స్క్రిప్టుతో పుటలు అతికిస్తాడు. చదివేవాడు ఇంకొక స్క్రిప్టుతో పుటలు పీకుతాడు. ప్రపంచమంతా దశాబ్దాల తరబడి ఈ వెట్టిచాకిరీ చేసింది. చివరికి 2016 డిసెంబరులో వచ్చిన 7994వ ఆర్‌ఎఫ్‌సీ ఆ పుటలకు స్వస్తి చెప్పింది. ఇక ముందు సాదా పాఠ్య ప్రతిలో పుటల విభజన ఉండదు, పుటశీర్షికలూ ఉండవు అని. 2019 నుంచి కొత్త పద్ధతిలో వస్తున్న ఆర్‌ఎఫ్‌సీలు తెరచి చూడండి, ధారగా ఉంటాయి. మూలం గుర్తులతో కూడిన ఎక్స్‌ఎంఎల్ దస్త్రం. పుటలు కావలసినవారికి అందులోంచే పీడీఎఫ్ వస్తుంది.

టెక్ అభిమానులు మన బ్లాగరులలో తక్కువేమీ లేరు కనుక ఒక మాట. డొనాల్డ్ క్నూత్ సృష్టించిన టెక్ పుటను అందంగా కూర్చడంలో సాటిలేనిది, నేనూ దానికి దాసుణ్ణే. కానీ టెక్‌కు పుట తప్ప వేరే లోకం తెలియదు. దాని ఫలితాన్ని పట్టుకుని పాఠ్యం పిండబోతే మిగిలేది పిప్పి. అందుకే తెలిసినవాళ్ళు దాని ఫలితం జోలికి పోరు, మూలం జోలికే పోతారు. గ్నూ వారి టెక్స్‌ఇన్ఫోలో ఒకే మూలం అచ్చుకు టెక్ గుండా పోతుంది, సాదా పాఠ్యానికి టెక్‌ను తాకకుండా మేక్‌ఇన్ఫో గుండా పోతుంది. 2006లో జాన్ మాక్‌ఫార్లేన్ మొదలుపెట్టిన పాన్‌డాక్ చేసేదీ అదే, మూలంలోని గుర్తులను చదివి అర్థం చేసుకుంటుంది, పుటలను చూడదు. (ఆయన వృత్తి తత్త్వశాస్త్రం బోధించడం. ఈ పని ఒక తత్త్వవేత్తకు తట్టడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు.)

“పుటసంఖ్యలు లేకపోతే ఉటంకించేది ఎలా?” ఇది పండితుల నుంచి వచ్చే ఆక్షేపణ, గౌరవంగానే జవాబు చెప్పాలి. అయ్యా, మన సంప్రదాయంలో ఉటంకింపు ఏనాడు పుటసంఖ్యతో జరిగింది? భారతం ఫలానా పర్వం, ఫలానా ఆశ్వాసం, ఫలానా పద్యం అంటాం. ఆ గుర్తు వావిళ్ళవారి ప్రతిలోనూ పనిచేస్తుంది, ఇంకొకరి ప్రతిలోనూ పనిచేస్తుంది, పాఠాంతరాల వల్ల ఒకటి రెండు సంఖ్యలు అటూ ఇటూ అయినా సరే. పుటసంఖ్య ఆ ఒక్క ముద్రణకే కట్టుబడిన గుర్తు, మలి ముద్రణలో అక్షరం సైజు మారితే చచ్చిపోతుంది. అంతకు ముందటి తాళపత్రాలు చూడండి. ఆకు అంచున ఆకు సంఖ్య ఉండేది, అది ఆకులు కలగాపులగం కాకుండా కట్టుకోవడానికి. పాఠం మాత్రం ఆకు నిండేదాకా సాగి, మాట సగంలో ఉన్నా సరే మరుసటి ఆకులో కొనసాగేది. ప్రతి ఆకు నెత్తినా కవి పేరు చెక్కాలని ఏ లేఖకుడికీ తోచలేదు. ఆకు మోసేది, పాఠం మోయబడేది అన్న ఎరుక గంటం పట్టినవాడికి ఉంది.

ఆర్‌ఎఫ్‌సీలకు పుటలు పోయినా ప్రపంచం తలకిందులు కాలేదు. ఫలానా ఆర్‌ఎఫ్‌సీ, ఫలానా విభాగం అని చెబుతున్నారు, సరిపోతోంది. పాత అచ్చు ప్రతిలోని పుటసంఖ్య పరిశోధకుడికి నిజంగా కావలసిన సందర్భాలున్నాయి, కాదనను. అప్పుడు దాన్ని మూలంలో ఒక గుర్తుగా ఉంచండి, కావలసినవాడు చూపించుకుంటాడు. తెలుగు వికీసోర్సులో చేస్తున్నది దాదాపు ఇదే. పుస్తకాన్ని పుటపుటకూ టైపు చేస్తారు, పుటశీర్షికను వేరే పెట్టెలో పెడతారు, పుటలన్నిటినీ కలిపి చూపినప్పుడు ఆ పెట్టె రాదు, పాఠం ధారగా వస్తుంది, పుటసంఖ్య మాత్రం అంచున లంకెగా ఒదిగి ఉంటుంది. ఎవరి జీతమూ తీసుకోకుండా ఈ పని చేస్తున్నవారికి నెనరులు.

కానీ వారు అంత కష్టం ఎందుకు పడవలసి వస్తోందో ఆలోచించారా? నూరేళ్ళనాటి పుస్తకమైతే వేరే దారి లేదు, సీసపు అక్షరాలు ఎప్పుడో కరిగిపోయాయి. మరి కంప్యూటరులోనే కూర్చిన పుస్తకాల మాటేమిటి? పేజ్‌మేకరులో, ఇంగ్లీషు అక్షరాల గదులలో తెలుగు బొమ్మలు నింపిన ఫాంట్లతో కూర్చినవి వేలకు వేలు. ఆ పేజ్‌మేకరుకు 2001 నాటి 7.0 తరువాత పెద్ద కూర్పు రాలేదు. ఆ దస్త్రాలలో పేరా ఉంది, మాట ఉంది, క్రమం ఉంది. ఫాంటు గదుల పట్టిక ఒకటి చేసుకుంటే యూనికోడులోకి మార్చుకోవచ్చు, అలా మార్చే ఉపకరణాలు మన బ్లాగరులే తయారు చేశారు. దాని నుంచి తీసిన పీడీఎఫ్‌లో మాత్రం ఉన్నవి బొమ్మలు, వాటి స్థానాలు. యూనికోడు ఫాంటుతో కూర్చిన పీడీఎఫ్ నుంచి సైతం తెలుగు తీసి అతికించి చూడండి. “స్త్రీ” అన్న ఒక్క అక్షరం యూనికోడులో ఆరు సంకేతాల వరుస. పీడీఎఫ్‌కు తెలిసినవి ముద్దా, వత్తులూ, వాటి చోట్లూ. వత్తులు ఒక దిక్కుకు, గుణింతాలు ఇంకొక దిక్కుకు పోయి వస్తుంది.

ఒక రచయిత కథల సంపుటిని అంధ పాఠకులకు తెర చదివే ఉపకరణంతో వినిపించాలని ఆయన అనుమతితోనే ఒక ప్రచురణకర్తను మూలం అడిగాను. “పీడీఎఫ్ ఉంది కదండీ, అందులోంచి తీసుకోండి” అన్నారు. మూలం ఏమైందంటే, పుస్తకం అచ్చయ్యాక డీటీపీ చేసినవారు తీసేశారట. పీడీఎఫ్ నుంచి తీసిన ముద్దను ఆ ఉపకరణం చదివింది. ప్రతి రెండు నిమిషాలకూ సంపుటి పేరు, పుట అంకె, తరువాత సగం మాట. ఏ మాటకు ఏ వత్తో దానికే తెలియదు. కళ్ళున్నవాడు పుటశీర్షికను చూడనట్టు దాటిపోతాడు. చెవితో చదివేవాడు దాన్ని ప్రతిసారీ వినాలి. సాదా పాఠ్యమన్నది ప్రోగ్రామర్ల చాదస్తమని నవ్వేవారు ఆ సంపుటిని ఒక్క గంట విని అప్పుడు నవ్వమనండి.

రచయితలైన బ్లాగ్మిత్రులు చాలామంది ఇప్పుడు పుస్తకాలు వేసుకుంటున్నారు. డీటీపీ వారికి డబ్బు ఇచ్చేటప్పుడు అచ్చుకు వెళ్ళే పీడీఎఫ్‌తో పాటు కూర్చిన మూల దస్త్రాన్నీ, వాడిన ఫాంటునూ తీసుకోండి. మీరు యూనికోడులో టైపు చేసి ఇచ్చి ఉంటే ప్రూఫులో దిద్దినవన్నీ మీ దస్త్రంలో కూడా దిద్దుకోండి, లేదంటే మీ దగ్గర ఉన్నదొకటి, అచ్చయినదొకటి. ఎవరైనా పాఠ్యం అడిగితే పీడీఎఫ్ లంకె కాకుండా ఆ మూలం పంపండి. వేగు జతపరుపుగా వెళ్ళేంత చిన్నదే అది.